సగం జడలు

లోమే ఊళ్ళో, సముద్రానికి మూడు వీధుల ఇవతల
మా జడల కొట్టు.
రేకుల కప్పు, రెండు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది.
కరెంటు పోతే వెలుతురు కోసం గుమ్మంలోకి జరుపుకుంటాం.

నా పేరు ఎన్యోనామ్.
ఇరవై ఏళ్ళుగా ఊరి తలలన్నీ నా చేతుల్లోనే.
నోరు "బాగానే ఉన్నా" అంటూ ఉంటుంది,
మెడ మాత్రం నా వేళ్ళకు వేరే మాట చెబుతుంది.
నిద్రపోని తల బరువు వేరు.

కిందటేడు ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చి
క్షవరం చేసేవాళ్ళనీ జడలల్లేవాళ్ళనీ పోగేసి
మూడు రోజులు కూర్చోబెట్టింది.
"వినండి. నీతులు చెప్పకండి.
అనుమానమొస్తే తిన్నగా అడగండి.
అడిగినంత మాత్రాన ఆ తలపు పుట్టదు,
ఉన్నదే బయటికొస్తుంది."
ఎదురు కొట్టు అగ్బేకో నవ్వాడు,
కత్తెర పట్టుకున్న డాక్టర్లమా అని.

నాకు నవ్వు రాలేదు.
అఫెఫా గుర్తొచ్చింది.
ఆఖరిసారి వచ్చిన రోజు పాత బాకీ అణాపైసలతో తీర్చి
నా కూతురి చేతిలో తన గొడుగు పెట్టి వెళ్ళింది.
"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నాను.
అంతే అన్నాను.
ఆ గొడుగు మేకుకే వేలాడుతోంది,
కప్పు కారుతున్నా దాన్నెవరం విప్పం.

ఈ ఏడు వానల ముందు, ఒక మంగళవారం,
ఓడరేవులో సరుకు లెక్కలు రాసే జిగ్బోది వచ్చింది.
"సన్నవి వెయ్యి అక్కా. నీట్‌గా.
మళ్ళీ ఎవరూ సర్దక్కర్లేకుండా."
బేరమాడలేదు.
మా వీధిలో బేరమాడని మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు.

పాపిట తీస్తున్న చెయ్యి ఆగింది.
మూడు రోజుల చదువూ ఎటు పోయిందో,
ఒక్క వాక్యం మిగిలింది, అదీ గొంతులో ముల్లులా.
"చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?"

బయట మోటార్‌సైకిల్ ఒకటి స్టార్టవక స్టార్టవక అయింది.
జిగ్బోది పలకలేదు.
కాసేపటికి ఆ తల వెనక్కి వాలి
నా పొట్టకు ఆనుకుంది, పూర్తి బరువుతో.
"ఊఁ" అంది.

ఛ, అవేం మాటలు అనలేదు నేను.
పెళ్ళినీ పిల్లల్నీ దేవుణ్ణీ తీసుకురాలేదు మధ్యలోకి.
"చెప్పు" అన్నాను.
కొంత చెప్పింది. కొంత నాకర్థం కాలేదు.
చిక్కు కొసల నుంచి తీసుకురావాలి పైకి,
కుదుళ్ళ దగ్గర లాగితే నొప్పే మిగులుతుంది.
ఆ పనొక్కటి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పొద్దుగూకే వేళకు సగం తల అయింది.
దువ్వెన కింద పెట్టాను.
"మిగతాది రేపు."
"సగం జడలతో ఎక్కడికి పోను అక్కా?"
"ఎక్కడికీ పోవద్దనే."
నవ్విందనుకుంటా.
ఏడుపులో కలిసిపోయి సరిగా వినపడలేదు.

ఆ రాత్రి అగ్బేకో కొట్టు ముందే కట్టేసి
ఫోన్లో నర్సమ్మను నిద్రలేపాడు.
గంజి అమ్మే ముసలి యావా గిన్నె పట్టుకొచ్చి
ఆ కుంటి కుర్చీలోనే తెల్లవారేదాకా కూర్చుంది,
ఎప్పుడో మునిగిన పడవ గురించీ
మేకల ధర గురించీ చెబుతూ.
నేను గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను.
కాపలా అనలేదు, ఇక్కడ గాలి బాగుందన్నాను.

పొద్దున్నే ఆస్పత్రి. ఆ తర్వాతే మిగతా సగం.

నయమైపోయిందని చెప్పను.
మాత్రలున్నాయి. గురువారాలు నర్సమ్మ ఉంది.
మధ్యలో చెడ్డ వారమొకటి వచ్చింది,
అప్పుడు జడల పనేమీ లేకుండానే వచ్చి కూర్చుంది.
ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.

నిన్న వాన.
మేకు వైపు చూసి "ఆ గొడుగెవరిది?" అంది.
చెప్పాను.
బాకీ సంగతీ, నేనన్న ఒక్క మాటా,
అనని మాటా, మొత్తం.
ఇరవై ఏళ్ళలో ఇంకొకరు పట్టుకోని తల నాది.

"ఇలా కూర్చో" అంది దువ్వెన తీసుకుని.
జడలల్లడం రాదు దానికి.
వంకరగా వచ్చింది, ఒకవైపు వదులు.

నేనింకా విప్పలేదు.