కిలో రాయి

ఎనిమిదంగుళాల బోరు కేసింగు ముక్క,
రెండు వైపులా మూతలు,
కడుపులో పదకొండు పేగులు.
పెంచలయ్య తాత సుద్దముక్కతో గీసి చూపించాడు
మా షెడ్డు గచ్చు మీద.
"ఇంతే మస్తానమ్మా. మిగతాది నిప్పూ నీళ్ళూ చూసుకుంటాయి."

ఎందుకయ్యా ఇది అని అడిగితే
హోటలు మాలకొండయ్యకి ఇడ్లీల కోసమన్నాడు,
గేటుమన్‌కి కూత కోసమన్నాడు.
బిట్రగుంట లోకో షెడ్డులో తనతో బొగ్గెత్తి
ఇప్పుడు చెవులు వినపడని యోహానుకి
ఏమీ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.
గొట్టమొకటి తీసి, ఎండకేసి పట్టి, అందులోంచి ఆకాశం చూసి
ఇచ్చేసి పోయాడు.

ఆరేళ్ళుగా గేట్లు అతుకుతున్నాను నేను.
గేటుకి బర్రెగొడ్లు ఆగితే చాలు.
ఏ కిటికీ గ్రిల్లూ నన్ను
నీళ్ళు నిలుస్తాయా అని అడిగిన పాపాన పోలేదు.

నిండా నీళ్ళు పోసి, ప్లంబరు చేతిపంపు తగిలించి
తాత ఒత్తిడి ఎక్కిస్తున్నాడు.
నాలుగు దాటింది ముల్లు, ఆరు దాటింది,
ఏడు దగ్గర
నా అతుకు మీద
ఒక్క చెమటబొట్టు.
తుడిచాను. మళ్ళీ వచ్చింది.
కొంగుతో తుడిచాను, ఎవరూ చూడలేదనుకున్నాను.

"నీళ్ళతో పగిలితే గుడ్డలు తడుస్తాయి" అన్నాడు,
"ఆవిరితో పగిలితే తుడిచేందుకు చెయ్యుండదు."
బొట్టు చుట్టూ సుద్దతో సున్నా చుట్టి
టీ తాగను పోయాడు.

ఆ సున్నాలోనే మూడు రాత్రులు.
గ్రైండరుతో తవ్వడం, పోయడం, చిట్టెం కొట్టడం,
మళ్ళీ తవ్వడం.
నాలుగోనాడు ఎనిమిది దగ్గర ముల్లు నిలబడింది
అరగంట.
తాత బీడీ ఆరిపోయింది.

పొయ్యి గోల వేరే.
హైవే మెకానిక్కులు పారబోసే ఇంజనాయిలు
డబ్బాలో వేలాడగట్టి
ఆసుపత్రి సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా వదిలాం.
నల్లపొగ.
ఆరేసిన చీరలకీ, పక్కింటి సుబ్బరత్తమ్మ నోటికీ
వారం రోజులు పని దొరికింది.
అప్పుడు తాత పంపుస్టవ్ నిపిల్ ఒకటి తెచ్చి
బాయిలరు నెత్తి మీంచి సన్నటి రాగిగొట్టం లాగి
దాని ఆవిరినే దాని మంట మీదికి తిప్పాడు.
ముందు సరుగుడు పుల్లలతో దాన్ని బతిమాలాలి.
కాస్త ఊపిరొచ్చాక
తన పొయ్యి తనే ఊదుకుంటుంది.
నూనె తుంపరైంది, పొగ విడిపోయింది,
ఎర్రమంట తెల్లబడి గుర్రు పెట్టింది.
పిలకాయలు గోడెక్కి కూచున్నారు.

మిగిలింది సేఫ్టీ వాల్వు.
మీట చివర వేలాడేందుకు సరిగ్గా కిలో కావాల.
మా వీధిలో సరిగ్గా కిలో తూగేది ఒక్కటే,
తూనికలవాళ్ళు ముద్ర కొట్టిన
మా అమ్మ రొయ్యల తక్కెడ రాయి.
"పొద్దున అయిదింటికల్లా నా రాయి నాకుండాల" అంది.
అందుకే మా బాయిలరుకి రాత్రిళ్ళే ఊపిరి.

ఆ రాత్రి ముల్లు నాలుగు మీదికి పోయి వణికింది.
తాత కదల్లేదు.
నేను గోడ చాటుకి జరిగాను, సిగ్గేం లేదు,
నా అతుకుల సంగతి నాకు తెలుసు.
మీట అరంగుళం లేచింది.
తెల్లగా, పళ్ళ సందుల్లోంచి గాలి వదిలినట్టు,
పట్టినంత పట్టి
చాలు అనడం నేర్చిన ఇనుము.
ముల్లు దిగింది. రాయి కూచుంది. మళ్ళీ లేచింది.
కరెంటు తీగ కింద గూడ్సుబండి ఒకటి
తన దారిన మద్రాసు వైపు పోయింది.
యోహాను మాత్రం షెడ్డు గోడకి అరచెయ్యి ఆనించి
ఆ అదురు వింటున్నాడు.

తెల్లారి అమ్మ రాయిని
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటా
"ఏందే ఇది, రొయ్యలు తూచేదా, ఉడకబెట్టేదా?" అంది.
సంచిలో వేసుకుని
అల్లూరు బస్సెక్కింది.