రాడ్ ఇడిచి

పొద్దుగాల ఆరున్నరకు అహేరి బండి.
సిరోంచ బస్టాండుల టికెట్ మిషన్ మెడల ఏసుకుంటె
అది ముందుగాల నా ఎడమ భుజాన్ని అడుగుతది,
ఇయ్యాల ఎంత నొప్పి కావాలె అని.

పదకొండేండ్లాయె.
ఈ తొవ్వల ఉన్న గుంతలన్నిటికి
నా నడుము పేర్లు పెట్టుకున్నది.
బామ్నీ దాటినంక ఒకటున్నది,
దానికి మా అత్త పేరు.

"పుఢే చలా, పుఢే చలా" అని మరాఠీల అరుస్త,
చిల్లర తెలుగుల అడుగుత,
కోపం ఏ భాషల వస్తదో నాకే తెల్వది.
గోండు ముసలోళ్లు రెండింటికీ తల ఊపి
టికెట్ చెవుల చెక్కుకుంటరు.

మొన్నటి ఎండకాలం నిద్ర పోయింది.
కారణం చిన్నదే. లెక్కల నూట నలభై తక్కువొచ్చింది.
కట్టిన.
కట్టినంక గూడ, అహేరి డిపోల నైట్ హాల్ట్ రాత్రి,
చీకట్ల కూసోని టికెట్లు చింపుకుంటనే ఉన్న.
గుండె, రెండో గేరుల మోటు ఎక్కే బండి లెక్క.
డాక్టరు ఈసీజీ కాయితం మడత పెట్టిండు:
"ఏం లేదమ్మా, టెన్షన్."
ఏం లేని దానికి మూడు వందలు.

నాగపూర్ కెల్లి డిపోకు ఒక సారొచ్చిండు,
తెల్ల లాల్చీ, మైకు.
తనువు, మనసు, ఆత్మ అని
బోర్డు మీద మూడు గీతలు గీసి,
మూడు కలిసేకాడ సున్న చుట్టిండు.
కండ్లు మూసుకొని సముద్రాన్ని తలుసుకోమన్నడు.
నేను సముద్రం చూడలే.
పక్క కుర్సీల డ్రైవర్ గేడామ్ గుర్రు పెట్టిండు.
శాంతి ఆ దినం ఆయనొక్కనికే దొరికింది.

నాకు చెప్పింది ఒడ్నాల రాజుబాయి.
చెప్పినట్టు గాదు, తిట్టినట్టు చెప్పింది.
డెబ్బయి దాటిన మనిషి,
ఇప్పపువ్వు గంప కాళ్ల నడుమ పెట్టుకొని
సీటు లేక నిలబడ్డది, ఏం పట్టుకోకుంట.
నాకు ఒక చేత రాడు, ఒక చేత మిషను,
పండ్లు బిగబట్టుకొని ఉన్న.
"బండి ఊగుతాంటె నువ్వెందుకే కట్టె లెక్క బిగుసుకుంటవ్?
మోకాళ్లు ఇడువు. నీయే గదా అవి."

కోపమొచ్చింది. నవ్వు గూడ.
బామ్నీ దాటినంక, ఎవలూ చూడకుంట,
ఇడిసిన.
అత్త పేరు గుంత వచ్చింది.
మోకాళ్లు వంగి దాన్ని మింగినయ్,
నడుముదాక రానీయలే.
అగో, అప్పుడు ఎరుకైంది,
ఇన్ని కిలోమీటర్లు ఊపిరి గూడ
గుప్పిట్ల నోటు లెక్క పట్టుకొని ఉన్ననని.
ఎన్నడి సందో.

భుజం ఇంక నొస్తది.
ఐదు వందల నోటు ఇచ్చి పన్నెండు రూపాయల టికెట్ అడిగెటోని మీద
ఇంక మండుతది.
కాకపోతె మంట ఎక్కడ మొదలైతదో ఇప్పుడు ఎరుకే,
బొడ్డు పైన, నాలుగు ఏళ్ల ఎత్తున.
అక్కడ ఒక చెయ్యి పెడుత. టికెట్ కోస్త.

సెలవు దినం ఒకనాడు ఏటికి పోయిన.
ప్రాణహిత వచ్చి గోదాట్ల పడుతది గదా,
శానా దూరం రెండు రంగులు పక్కపక్కనె పోతయ్,
ఒకదాన్నొకటి తోసుకోవు, తొందర పెట్టుకోవు.
అడుగున మూడోది పారుతదని పెద్దోళ్ల మాట.
నాకు కనబడలే.
చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నిలబడ్డ శానాసేపు.
కాళ్ల కింద ఇసుక మెల్లగ జారుతాంటె
పడలే.
సారు చుట్టిన సున్న యాదికొచ్చింది,
ఈడ దాన్ని యాడ చుడుతరో ఎవలైన.

నిన్న ఒక బడిపోరడు ఎక్కిండు,
అర టికెట్, జిమలగట్ట.
రెండు చేతుల రాడు పట్టుకొని, మొకం ఎర్రగ చేసుకొని
పరీచ్చ రాసినట్టు నిలబడ్డడు.
"మోకాళ్లు ఇడువు బిడ్డా" అన్న.
అనుమానంగ చూసి, ఇడిసిండు.
వచ్చి నా కాళ్ల మీద పడ్డడు.

లేపి దుమ్ము దులిపిన.
ముంగట ఇంక శానా గుంతలున్నయ్,
తొందరేం లేదు.