తోడు

కొరుక్కుపేటలో రోజుకి యాభై ఇళ్ళు నాకు.
టార్చి, గరిటె, తెల్ల గిన్నె,
గోడమీద తేదీ వేసేందుకు నీలం సుద్దముక్క.
డ్రమ్ము మూత ఎత్తగానే
లోపల్నుంచి ఎవరో ఒకరు అరుస్తారు,
"మంచినీళ్ళేనమ్మా! మొన్ననే లారీ వచ్చింది!"

మంచినీళ్ళే. నేను కాదన్నానా.
టార్చి వేస్తే అడుగుదాకా తేటగా కనబడుతుంది:
ఒక జడపిన్ను, పిల్లాడి గోళీ,
వెలుగుకి ఉలిక్కిపడి
వంకర్లు కొట్టుకుంటూ కిందికి దిగిపోయే
వెంట్రుకంత ప్రాణాలు.
గరిటెతో ముంచి చూపిస్తే
"లారీతోనే వచ్చుంటాయి" అంటారు.
లారీ మీద నేను సుద్దతో ఏం రాయను?

తరమణిలో కుముదిని మేడం ల్యాబుకి
నెలకోసారి సీసాలో నీళ్ళు పట్టుకెళ్తాను.
బస్సు ఛార్జీ, ఒక టీ.
మొన్న నన్ను కూర్చోబెట్టి రెండు సీసాలు చూపించింది.
రెంటిలోనూ ఒకే తల్లి గుడ్లు.
బ్లీచింగులో కడిగి, ఏ క్రిమీ అంటకుండా
కాచి చల్లార్చిన నీళ్ళలో వదిలారట.
తిండి ఒకటే. గది ఒకటే.
రెండోదాంట్లో మాత్రం
నేనిచ్చిన డ్రమ్ము నీళ్ళు, ఒక్క చుక్క.

ఎనిమిదో రోజది.
చుక్క పడ్డ సీసాలో గూనివీపులేసుకుని
రేపో మాపో రెక్కలొచ్చేవాళ్ళు.
పడని సీసాలో
పుట్టినప్పుడు ఎంతో, అంతే.
చావలేదు. ఎదగలేదు.
అద్దానికి మొహం ఆనించి చూశాను.
ఇంత శుభ్రమైన నీళ్ళు మా పేటలో ఏ ఇంట్లోనూ చూళ్ళేదు,
ఇంత దిగులు నీళ్ళు కూడా.

"క్రిములు కడుపులో చేరి గాలి తాగేస్తాయి, పెంచలమ్మా.
లోపల ఊపిరి తగ్గితేనే వీటికి తెలుస్తుందేమో,
పాత చర్మం విడిచే వేళయిందని.
తల్లి కూడా తేటదనం ఒక్కటే చూసి రాదు,
ఆ క్రిముల వాసన పట్టి వస్తుంది."

నాకు అంత తెలీదు.
తెలిసింది ఒకటే, పైకి అనేశాను:
"అంటే, తోడు వేశారన్నమాట."
మేడం పెన్ను ఆపి నవ్వింది. రాసుకుంది కూడా.

పాలు ఎంత చిక్కనివైనా
నిన్నటి గిన్నెలోంచి ఒక చెంచా పడకపోతే
పెరుగు కావు.
నాది పదకొండేళ్ళుగా కాంట్రాక్టు.
చేరినప్పుడు ఎంతో, అంతే.
ఏ చుక్క పడలేదో నాలో, ఎవరినడగను?

"ఈ డ్రమ్ములో మహా బాగా ఎదుగుతున్నాయి.
ఎవరిల్లు ఇది?" అంది మేడం
సీసా మీది చీటీ తిప్పి చూస్తూ.
నా టీ మీద తరక కట్టింది.
"గుర్తులేదు మేడం."

ఆవేళ ఎండకి కళ్ళు తిరిగి
నలభై ఇళ్ళకే చాలించి
మా పెరట్లో ముంచాను.
ఆ గోడమీద వారం వారం సున్నా చుట్టింది
ఈ చేత్తోనే.

సాయంత్రం డ్రమ్ము పడదోసి
కొబ్బరిపీచుతో లోపలిగోడ తోమాను.
పాచి. కంటికేం లేదు, వేలికి జిగురు.
గోళ్ళలో దూరింది. వాసన చూశాను.
ఏమీ తెలియలేదు,
ఆ జాతి తల్లిని కాను గదా.
పక్కింటి ఆరోగ్యమేరీ గడపలో నిలబడి
"పిచ్చా నీకు? లారీ మళ్ళీ గురువారమే,
మంచినీళ్ళు వంపేస్తావేం?" అంది.

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచా తిప్పి మూత పెట్టాను.
దీపం ఆర్పాక చెవి పక్కన ఒకటి సన్నగా వచ్చింది.
ఏ డ్రమ్ముదో అనుకుంటూ
ఒక్క క్షణం ఆగాను.
తర్వాత కొట్టాను.
తప్పించుకుంది.