వెనక్కి నడిచిన దారి

బర్తాంగ్ లోయలో నాలుగు రోజులు ప్రయాణించి
దారిని నేను చూడనేలేదు.
ఖుష్నజర్ మామ జీపుకు ఎదురుగా నిలబడి
వెనక్కి, వెనక్కి
మడమలతో తడుముకుంటూ నడిచాను.

నోటి మాట ఇంజను మోతలో కొట్టుకుపోతుంది, అందుకని
చేతులే మాట్లాడాలి.
వేళ్లు ఆడిస్తే రా.
పిడికిలి బిగిస్తే ఆగు.
నా ఎడమ ఆయనకి కుడి.
ఆ చిన్న సంగతి తలకెక్కేలోపే
మొదటి మలుపులో కొండ మా పక్కద్దాన్ని ఊడబెరుక్కుంది.
"పోనీలే సవ్సన్, వెనక చూసుకునే పనేముంది మనకి" అన్నాడు మామ,
అని, చాలాసేపు మాట్లాడలేదు.

బండిలో పద్నాలుగు కిటికీ అద్దాలు.
పై ఊరి బడికి.
నిరుడు భూమి కంపించినప్పుడు పగిలినవాటి చోట
ప్లాస్టిక్ పట్టా కొట్టారు; చలికాలమంతా
అది గాలికి చేసే టపటపలో
ఎక్కాలు వినబడలేదట పిల్లలకి.
బొంతల మధ్య, ఉన్ని కంబళ్ల మధ్య
నిలువుగా పేర్చి కట్టాం.
అద్దాన్ని పడుకోబెట్టకూడదు, పడుకుంటే చస్తుంది
అని బజారులో అమ్మినవాడు మూడుసార్లు చెప్పాడు.

రెండో రోజు దారి లేదు.
రాత్రి కొండ దిగి వచ్చి దానిమీద కూర్చుంది.
టైర్లలో గాలి సగం తీసేసి,
గడ్డపారతో, చేతులతో, తిట్లతో
నలభై అడుగుల బాట మేమే పేర్చుకున్నాం.
దాటుతుంటే అడుగున ఏదో గీరింది. పెట్రోలు వాసన.
మామ బండి కిందకి దూరి చెయ్యి చాపాడు:
"నీ సబ్బు ఇటివ్వు."
తలంటుకి దాచుకున్న ముక్క అది.
ట్యాంకు చిల్లికి పూసి, నలిపి, మళ్లీ పూసి
బయటికొచ్చాడు, మొహమంతా నవ్వు, గడ్డమంతా మట్టి.

ఆ రాత్రి చోటిచ్చిన ముసలావిడ
ఉప్పు వేసిన పాల చాయిలో వెన్న కరిగిస్తూ అడిగింది
దారెలా ఉందని.
"దారి బాగానే ఉంది పెద్దమ్మా,
లేనిచోటే కాస్త ఇబ్బంది."

మూడో రోజు మధ్యాహ్నానికి ఏరు.
మంచు కరిగే వేళ దాని జోలికి పోకూడదు;
బండరాళ్లు అడుగున దొర్లుతున్న చప్పుడు
ఒడ్డున కూర్చున్నా పళ్లలో తెలుస్తుంది.
తెల్లవారుజాము దాకా కాచుకున్నాం.
కొండల మీద చలి బిగిసి ఏరు సన్నబడ్డాక
మామ ఫ్యాన్ బెల్టు విప్పి మెళ్లో వేసుకున్నాడు,
నేను నడుముకి తాడు కట్టుకుని దిగాను.
మోకాళ్ల కింద కాళ్లు ఇంకెవరివో అయిపోయాయి.
కర్రతో అడుగు వెతుకుతూ, వేళ్లు ఆడిస్తూ, రా, రా
నడి ఏట్లో ముందు చక్రం ధబ్బున దిగింది.
లోపల ఏం చప్పుడైందో నాకు వినబడలేదు.
మామ మొహంలో చూశాను.

నీళ్లు హెడ్‌లైట్లను ముంచుతున్నాయి.
ఆయన నా చేతుల వంక చూస్తున్నాడు.
వాటికి ఆ క్షణాన ఏ మాటా రాలేదు.

తర్వాత, ఎలాగో, వేళ్లు కదిలాయి.

బడి దగ్గర ఇమామ్‌దోద్ మాస్టారు బొంతలు విప్పుతూ
బిగ్గరగా లెక్కపెట్టాడు, వెంట పిల్లలూ లెక్కపెట్టారు.
పదమూడు. పద్నాలుగోది రెండు ముక్కలు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆయన పెద్ద ముక్కను వెలుతురుకి ఎత్తి
కోళ్లగూటికి పనికొస్తుందా అన్నట్టు చూసి,
కాదు, తలుపు పక్కన చిన్న కంతకి పెట్టించాడు
ఒకటో తరగతి పిల్లల ఎత్తులో.

వంగి అందులోంచి చూశాను.
కింద, ఎర్రటి రాతి గోడ మీద
ఎవరో గోటితో గీసినట్టు ఒక గీత.
"అదేంటి?"
"మనం వచ్చింది దాని మీదే."
నాకు కడుపులో తిప్పింది.
నాలుగు రోజులూ నేను చూసింది మామ మొహమే.
లోయ ఎంత లోతో ఆ కనుబొమలు చెబుతూనే ఉన్నాయి,
అయినా ఇంత అని చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడగలేదు.
"రేపు దిగేటప్పుడు నువ్వు తోలు" అన్నాడు ఆయనే,
"వెనక్కి నడవడం నాకూ రావాలిగా."
తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు.
వెచ్చగా ఉంది. పెట్రోలు వాసన,
కాస్త సబ్బు వాసన.