నువ్వు

నాంటుకెట్‌లో మా వాళ్ళకి "మీరు" అనే మాట లేదు.
గవర్నరు వచ్చినా టోపీ తియ్యం, "నువ్వు" అంటాం.
వారాలకీ నెలలకీ పేర్లు పెట్టం, అంకెలే.
సమాధుల మీద రాయి కూడా ఉండదు.
మా అత్త ఎక్కడ పడుకుందో
అక్కడ మేసే గొర్రెలకి తెలిసినంతే నాకూ తెలుసు.

మూడేళ్ళ రెండు నెలలకి ఎలిఫలెట్ ఓడ దిగాడు,
పద్దెనిమిది వందల పీపాల నూనెతో.
మొదటి దినాన, బూడిదరంగు కోటు తొడుక్కుని
నడవకి అవతల, మగవాళ్ళ వైపు కూర్చున్నాడు.
పాట లేదు, పాదిరి లేడు.
ఎవరి లోపల వెలుగు కదిలితే వాళ్ళు లేవాలి.
గంటసేపు ఎవరూ లేవలేదు.
ముసలి తబితా మాత్రం చిన్నగా గురక పెట్టింది.
నాలుగుసార్లు ఉతికాను ఆ కోటు,
ఇక్కడిదాకా కమురు వాసన.

రాత్రి వత్తి తగ్గిస్తూ అన్నాడు:
"జెరూషా, పడవలోనూ ఇంతే.
తెడ్లు పైకెత్తి ఆరుగురం నోరు మెదపం,
అది తేలి, ఊపిరి వదిలేదాకా.
ఒకసారి మరీ పక్కకొచ్చింది.
అంత ఒంటికి కన్ను ఇంతే,
మన టీ సాసరంత కూడా లేదు.
నన్నే చూసింది."

"ఏమన్నావు?"

"నువ్వా, అన్నాను.
ఇంకో మాట నాకు రాదు కదా."

ఈటె అప్పటికే చేతిలో ఉందా అని అడగలేదు.
పీపాల లెక్క రాసేది నేనే.

తెల్లారితే రెండవ దినం.
ధర కట్టడానికి బోస్టన్ నుంచి వర్తకుడొచ్చాడు,
వెండి గుండీలు, వంగి వంగి దండాలు.

కూర్చో నువ్వు, అన్నాను.