వకుళ చదివిన నాలుగు పంక్తులు

సండర్లాండ్ లైబ్రరీ పై గదిలో
నెలకోసారి తొమ్మిదిమందిమి.
అందరూ కాగితాల దొంతరలతో వచ్చారు.
వకుళ మాత్రం బస్సు టికెట్టు వెనక రాసుకొచ్చింది:

"వేలిలో ముల్లు తీశావు.
కడిగావు, ఊదావు.
మళ్ళీ అక్కడే గుచ్చి
ఇప్పుడిది శుభ్రంగా ఉంది అన్నావు."

అంతే. కూర్చుంది.
సుదర్శనం గారి భేష్ గొంతులోనే ఆగిపోయింది.
రేడియేటర్ ఒకసారి టక్కుమంది.
ఎవరో బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపారు,
ఎవరూ తీసుకోలేదు.

నాకు పొగడటం వచ్చు. పదేళ్ళుగా అదే పని:
పదచిత్రం, క్లుప్తత, కొసమెరుపు.
ఆ మూడు మాటలూ నోట్లో
ఉడకని మెతుకుల్లా తిరిగాయి.
"ఊదావు" దగ్గరే చిక్కుకుపోయాను.
గుచ్చడం కాదు,
ఆ ఊదడానికే ఒళ్ళు జలదరించింది.

మెట్రోలో సీబర్న్ దాకా
నా వేళ్ళే చూసుకుంటూ వచ్చాను,
నన్ను గుచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ
తలుచుకుంటూ,
కాస్త హాయిగానే.

ఇంట్లో హైమ గిన్నెలు తుడుస్తోంది.
మొన్నటి మాటకి సారీ చెప్పాను.
చెబుతూనే, మెత్తగానే,
"నువ్వూ అలా అనకుండా ఉంటే..." అన్నాను.
"సరే" అంది,
చెయ్యి కొంచెం వెనక్కి తీసుకుని.

కిటికీ అవతల చీకట్లో సముద్రం
వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.
రేపు వకుళకి ఉత్తరం రాయాలి.
బాగుంది అని కాదు.
ఊదడం
నాకూ వచ్చని.