వేడి చూడటం

అందరూ నుదుటిమీద చెయ్యి పెడతారు.
నేను గిట్టమీద,
సంగడిగుంట మసీదులో అజా మొదలవకముందే.

ముందరి ఎడమది. ఇవాళా వెచ్చగానే ఉంది.

తవుడులో బెల్లం మానెయ్యమన్నాడు డాక్టరు.
"తగ్గేది కాదు కాలేషా, నెట్టుకురావడమే."
జిలానీ మడమకింద తోలుముక్క వేసి లాడం కొట్టాడు,
పక్కకి మూడు మేకులే.
నాలుగోది ఈ వయసు గిట్ట ఓర్చుకోదట.

పట్నంబజారు రోడ్డు సిమెంటయ్యాక
పెళ్ళికొడుకుల్ని ఎక్కించుకోవడం లేదు.
అడ్వాన్సు తిరిగిచ్చేశాను.
కొట్టంలో కృష్ణ ఇసుక పోశాను, ఆరు బస్తాలు.

ఉప్పునీళ్ళ టబ్బులో కాలు పెట్టించి కూర్చుంటే
చాందిని బరువంతా నా భుజంమీదే.
వెయ్యనీ.
జట్కా రోజుల బాకీ.

జేబులో బెల్లంముక్క ఉంది, నాకోసం కొన్నది.
దాని ముక్కుకి తెలుసు.
అటు తిరిగి నములుతాను,
దొంగలా.